పద్నాలుగో నంబరు సంచి

అక్టోబరు 11, శనివారం. ఎండ. గాలిలో తడి ఎక్కువ. పద్దెనిమిది మాస్కులు కడిగి తీగ మీద ఆరేశాను.

రెండు బ్యాచ్‌లు. పెయింట్ గుండ్లు ఖర్చయినవి తొమ్మిది వందల అరవై. గన్‌లోనే పగిలినవి ఇరవై రెండు. పన్నెండో నంబరు సంచి సగం అయింది.

గొంతు పట్టేసింది. పది గంటల బ్యాచ్ వచ్చి వరసగా నిలబడింది. గన్ ఎలా నింపుకోవాలో చెప్పాలి. నోరు తెరిస్తే గాలి తప్ప ఏమీ రాలేదు. పెయింట్‌బాల్ గ్రౌండు ఓనరు తపన్ దాకి ఆగడం చేతకాదు. కప్పులు కడుగుతున్న మా ఆవిడ దోర్కాను బెంగాలీలో వదిన వరస పెట్టి పిలిచి, "బౌదీ, రోజూ వింటూనే ఉన్నావు కదా, నువ్వు చెప్పెయ్" అన్నాడు.

దోర్కా చేతులు చున్నీకి తుడుచుకుని వెళ్లింది. పూజ సెలవులప్పుడు టీ పెట్టడానికీ మాస్కులు కడగడానికీ నేనే తనను తీసుకొచ్చాను. రెండు వారాలు కూడా కాలేదు.

నేను పదిహేను నిమిషాలు చెప్పేది ఐదు నిమిషాల్లో చెప్పేసింది. చివర చప్పట్లు కొట్టారు.

నేను చెప్పినప్పుడు ఎవరూ చప్పట్లు కొట్టరు. అవి కొట్టే పని కూడా కాదు.

ఉప్పునీళ్లు పుక్కిలించాలి.


అక్టోబరు 12, ఆదివారం. మబ్బు. చర్చి నుంచి వచ్చి గాలి సిలిండర్లు ఆరు నింపాను.

గొంతు నయం. మూడు గంటల బ్యాచ్ ముందుకు నేనే వెళ్లాను. "రెస్ట్ నాఓ, ఎబి దా" అన్నాడు తపన్ దా, నన్నూ అన్నా అనే పిలుస్తాడు. రెస్ట్ తీసుకున్నాను.


అక్టోబరు 14, మంగళవారం. ఎండ. గ్రౌండు సెలవు. ఇంట్లో నీళ్ల డ్రమ్ము తోమాను.

ఒకటి రాసి ఉంచాలి. ఈ పని నాకు ఎవరూ నేర్పలేదు. రైల్వే వర్క్‌షాపులో పన్నెండేళ్లు కాంట్రాక్టు మీద చేశాను. ఐటీఐ కాగితం లేదని పర్మనెంటు చెయ్యలేదు. సాలువా రోడ్డులో తపన్ దా ఈ పెయింట్‌బాల్ గ్రౌండు తెరిచినప్పుడు ఆ గన్‌లు చూసినవాడు ఖరగ్‌పూర్‌లో ఎవడూ లేడు. ఫోనులో వీడియోలు పెట్టుకుని నేర్చుకున్నాను. ఆ మాటలు నాకు అర్థం కాలేదు. చేతులు చూసి నేర్చుకున్నాను. ఒక గన్‌ను నలభై సార్లు విప్పాను.

నింపడం పదకొండు మెట్లు. అట్ట మీద రాసి షెడ్డులో పెట్టాను. ముందు చాటుకి రావాలి. వేలు ట్రిగ్గర్ మీంచి తియ్యాలి. గన్ మూతి ఎదుటివైపే ఉండాలి. బెల్టులో గుండ్ల ట్యూబులు మూత కిందికి ఉండేలా పెట్టుకోవాలి, లాగగానే చేతికి సరిగ్గా వస్తుంది. బొటనవేలితో ట్యూబు మూత, ఆ తర్వాత హాపర్ మూత. ఈ ఊళ్లో హాపర్ అంటే ఎవరికీ విడమరచి చెప్పక్కర్లేదు, బొగ్గు వ్యాగన్ చూడనివాడు లేడు. గన్ మీద ఉండే హాపర్ కూడా అంతే, పై నుంచి పోస్తే కిందికి జారుతుంది. అది పూర్తిగా ఖాళీ అయ్యేదాకా ఆగకూడదు. కొత్తవాళ్లు చేసే తప్పు అదే. ఖాళీ అయ్యాక లేచి నిలబడి, లోపలికి తొంగి చూస్తారు. అప్పుడే దెబ్బ తింటారు.

ఇదంతా దోర్కాకు చెప్పింది నేను. ఆమె పదకొండు మెట్లు చెప్పడం లేదు. "కూర తిప్పుతూ ఉప్పు డబ్బా వైపు చూస్తారా? చెయ్యి తనంతట తనే వెళ్లదా? ఇదీ అంతే" అంటుంది, సగం హిందీ, సగం బెంగాలీలో. అందరూ నవ్వుతారు. నవ్వాక గన్ వైపు చూడకుండా నింపేస్తారు.

నవ్వుతూ నేర్చుకున్నది నిలవదు. సేఫ్టీ కోసం రాస్తున్నాను.


అక్టోబరు 18, శనివారం. ఎండ. వల రెండు చోట్ల చిరిగితే కుట్టాను.

దోర్కా ఇవాళ కొత్త పద్ధతి పెట్టింది. ఇద్దరిద్దరిని జతలు చేసింది. నింపుకునేవాడు ముందు "బ్లాక్" అని అరవాలి. జతవాడు ఆపకుండా కాలుస్తూ వాణ్ణి కాయాలి. హాపర్ మూత పడ్డాక "లైన్ క్లియర్" అని అరవాలి. అది వినపడేదాకా ఇద్దరూ చాటు వదలకూడదు.

రోజంతా గ్రౌండులో అదే అరుపు. వాళ్ల బస్సు వెళ్లిపోతున్నప్పుడు కూడా కిటికీల్లోంచి "లైన్ క్లియర్, దీదీ!" అని అరిచారు. దోర్కా చెయ్యి ఊపుతూ నవ్వింది. ఇంట్లో అలా నవ్వదు. ఇంట్లో నవ్వే విషయాలు ఉండవనుకో.

లైన్ క్లియర్ అనేది మా నాన్న మాట. నాన్న రైల్వే సిగ్నల్ కేబిన్‌లో పనిచేసేవాడు. అవతలి స్టేషన్ నుంచి లైన్ క్లియర్ రానిదే బండి వదిలేవాడు కాదు. పెళ్లయిన కొత్తలో నేనే చెప్పాను దోర్కాకు.

దారిలో సైకిల్ తొక్కుతూ అడిగాను. "అది నాన్న మాట గదా."

వెనక కూర్చుని, "అవును, మావయ్య మాటే. అందుకే సెప్పినాను. పనికొచ్చింది గాదేటి?" అంది.

పెడల్ గట్టిగా తొక్కాను. ఎదురుగాలి.


అక్టోబరు 19, ఆదివారం. ఎండ.

చర్చి అయ్యాక గోల్ బజార్ టీ కొట్టు దగ్గర నూకయ్య మావ కనిపించాడు. మా పాత వర్క్‌షాపు ఫిట్టరు, రిటైరయ్యాడు.

"ఏటల్లుడూ, మీ ఆవిడ తుపాకీ నేర్పతాందట. నువ్వు కప్పులు కడగతన్నావట?"

"ఎవరు సెప్పినారు మావా?"

"ఖరగ్‌పూర్‌లో ఎవరో సెప్పాలేటి? లోకల్ బండి లేటవుద్ది గానీ మాట లేటవదు. మా మనవరాలు ఆళ్ల ఆఫీసోళ్లతో ఎల్లిందట. దీదీ దీదీ అని ఒకటే గోల. నీ సంగతి అడిగితే ఆడెవడు తాతా అంది."

"కప్పులు నేను కడగటం లేదు."

"కడిగితే తప్పేటిరా? కడుగు."

టీ తాగకుండా వచ్చేశాను. నేను కప్పులు కడగడం లేదు. మాస్కులు కడుగుతున్నాను.


అక్టోబరు 21, మంగళవారం. ఎండ. సెలవు.

దోర్కా తప్పులు, ఈ వారం: ట్యూబులు బెల్టులో మూత పైకి పెట్టింది, ఒకసారి. నింపేటప్పుడు గన్ మూతి పక్కవాడి వైపు తిరిగింది, ఒకసారి.

రెండోది దోర్కా కాదు, ఆమె నేర్పిన ఒకతను. అయినా నేర్పింది ఆమే కదా.


అక్టోబరు 24, శుక్రవారం. మబ్బు. సిలిండర్ల వాషర్లు మార్చాను.

తపన్ దా మా ఇద్దర్నీ కూర్చోబెట్టి చెప్పాడు. నవంబరు 8న కోల్‌కతా నుంచి ఒక కంపెనీవాళ్లు నలభై మంది వస్తున్నారు. వాళ్లకు నచ్చితే నెలనెలా వస్తారు. అందుకని గేటు దగ్గర కొత్త బోర్డు పెట్టిస్తాడట. దాని మీద ఇన్‌స్ట్రక్టరు పేరు ఉంటుంది. ఒకటే పేరు. 8వ తారీకు ఎలా జరుగుతుందో చూసి రాయిస్తానన్నాడు. చెబుతున్నంతసేపూ దోర్కా వైపే చూశాడు.

"నా పేరెందుకు దాదా? ఈయనుండగా" అంది దోర్కా.

"బౌదీ, జనం నిన్ను అడుగుతున్నారు" అన్నాడు.

జనం. నాలుగేళ్లుగా ఈ గ్రౌండులో ఒక్క గన్ ఆగిపోలేదు. దాన్ని జనం చూడరు. ఆగిపోతేనే కదా కనపడేది.

పన్నెండేళ్లు వర్క్‌షాపు గేటులోంచి వెళ్లాను. నా పేరు ఎక్కడా రాసి లేదు, పాసు మీద తప్ప. ఆ పాసు కూడా తిరిగి తీసుకున్నారు.


అక్టోబరు 25, శనివారం. మబ్బు.

దోర్కా డెమో చేస్తుంటే షెడ్డులోంచి ఫోనులో టైము పట్టాను. ట్యూబు లాగడం నుంచి మూత వేసేదాకా ఆరు సెకన్లు. గన్ వైపు ఒక్కసారి కూడా చూడలేదు.

అందరూ వెళ్లాక నేను చేశాను. తొమ్మిది. మళ్లీ తొమ్మిది. తర్వాత ఏడు, కానీ పాతిక గుండ్లు కింద పోశాను. ఏరాను.


అక్టోబరు 26, ఆదివారం.

ఎనిమిది.


అక్టోబరు 29, బుధవారం. పొద్దుటి నుంచి వాన. షెడ్డు కప్పు కారుతుంటే టార్పాలిన్ కట్టాను.

పద్నాలుగో నంబరు సంచి మూతి కట్టలేదు. మొన్న ఎవరు తీశారో. నేనే తీశాను. రెండు రాత్రులూ అలాగే ఉండిపోయింది. పెయింట్ గుండ్ల పై తోలు తడి పీల్చుకుంటుంది. చూపుకి ఏ తేడా తెలియదు. చేత్తో నొక్కినా తెలియదు.

నాకు తెలుస్తుంది. బ్యారెల్ గన్ నుంచి విడదీసి, ఒక గుండు వేసి, వెనక నుంచి నోటితో ఊదుతాను. మంచి గుండు ఊదగానే జారి బయట పడుతుంది. ఉబ్బిన గుండు బిగుసుకుని ఆగిపోతుంది, ఊదినా కదలదు. అలాంటిది గన్‌లో వేస్తే బ్యారెల్‌లోనే పగులుతుంది. ఒకటి పగిలితే వెనకవీ పగులుతాయి. రోజూ అందరికంటే ముందొచ్చి ఇది చూస్తాను. రెండేళ్ల నుంచి. ఎవరికీ చెప్పలేదు. ఎవరూ అడగలేదు.

పద్నాలుగో సంచిలో నుంచి పది తీసి ఊదాను. ఏడు ఆగిపోయాయి.

పక్కన పెట్టాను. పారెయ్యాలి.


నవంబరు 1, శనివారం. ఎండ వచ్చింది. మాస్కుల స్పాంజీలు ఎండబెట్టాను.

పొద్దున్న దోర్కా అడిగింది. "రోజూ అంత బేగి ఎల్లి షెడ్డులో ఏటి సేస్తావు ఒక్కడివీ?"

"లెక్క."

"ఏటి లెక్క? నేనూ వస్తాను. ట్యూబులు నింపుతాను, నీకు పని తగ్గుద్ది."

"అక్కర్లేదు."

"నేర్పు మరి. నింపడం నేర్పినావు, ఇదీ నేర్పు."

"నేర్పడానికి అందులో ఏటీ లేదు" అన్నాను.

షెడ్డు చిన్నది. ఇద్దరు పట్టరు.

సాయంత్రం బ్యాచ్‌లో ఒక పెద్దాయన దోర్కాను మేడమ్ అన్నాడు. అందరూ ఆమెతో ఫోటోలు దిగారు. ఫోనులు నా చేతికిచ్చారు తియ్యమని. తీశాను. ఒక్కటీ మసకగా రాలేదు.


నవంబరు 4, మంగళవారం. ఎండ.

పద్నాలుగో సంచి ఇంకా పారెయ్యలేదు. మరిచిపోయాను.


నవంబరు 7, శుక్రవారం. పొగమంచు, తర్వాత ఎండ. గేటు నుంచి షెడ్డు దాకా ఊడ్చాను.

రేపటికి ట్యూబులు నింపాను. జట్ల కోసం నలభై, పదమూడో సంచి నుంచి, పదిహేనో సంచి నుంచి. రెండు సంచులూ ఊది చూశాను. బాగున్నాయి.

డెమోకి రెండు, ఎర్రమూతవి. పద్నాలుగో సంచి నుంచి.

డెమోలో రేకు డ్రమ్ము మీద కొట్టేది పదిహేను ఇరవై గుండ్లే. అంత చిన్న పనికి మంచి సంచి వాడడం అనవసరం. పద్నాలుగో సంచి మొత్తం చెడిపోలేదు. పదిలో మూడు బాగానే వెళ్లాయి. ఎండ తగిలితే ఇంకొన్ని బాగుపడి ఉంటాయి. ఇవాళ మళ్లీ ఊదాను. ఐదు ఊదాను, ఐదూ ఆగాయి. ఐదు అంటే పెద్ద లెక్క కాదు.

పైగా ఇన్‌స్ట్రక్టరు కాబోయే మనిషి తన ట్యూబు తను చూసుకోవాలి. అది నా పదకొండు మెట్లలో ఉంది.

ఉందో లేదో చూశాను. లేదు. రాస్తాను.


నవంబరు 8, శనివారం. పొగమంచు. మాస్కులు నలభై రెండు తుడిచాను.

జరిగింది జరిగినట్టు రాస్తాను.

పదిన్నరకి బస్సు వచ్చింది. నలభై మంది. దోర్కా ముందు నిలబడి ఉప్పు డబ్బా మాట చెప్పింది, నవ్వించింది. మాస్కు పెట్టుకుని, వలల మధ్య ఉండే డెమో లేనులోకి వెళ్లింది. పక్క లేనులో వాళ్లలో ఇద్దరు అప్పటికే గురి పెట్టి డ్రమ్ము మీద కొడుతున్నారు. దోర్కా "బ్లాక్" అని అరిచింది. ఎర్రమూత ట్యూబు లాగింది. ఆరు సెకన్లు కూడా పట్టలేదు. "లైన్ క్లియర్" అంది. అందరూ చప్పట్లు కొట్టారు.

కాల్చింది. గన్ మూతిలోంచి నారింజ రంగు ధారగా కారింది. గుండు రాలేదు. మళ్లీ కాల్చింది. కారింది. ఎవరో నవ్వారు. తర్వాత చాలామంది నవ్వారు. ఆమె కూడా నవ్వింది. గన్ దులిపి, రెండో ఎర్రమూత లాగింది. ఇంకా వేగంగా నింపింది. కాల్చింది. లోపలే పగిలి హాపర్ మూత దగ్గర నుంచి ఎగిసి మాస్కు అద్దం నిండా రంగు పడింది.

ఆమెకు ఏమీ కనపడలేదు. చెయ్యి మాస్కు పట్టీ మీదికి వెళ్లింది. పక్క లేనులో ఇద్దరూ ఇంకా కాలుస్తూనే ఉన్నారు. మధ్యలో ఉన్నది వల ఒక్కటే.

"దోర్కా! మాస్కు తియ్యకు!" అని అరిచాను.

నా గొంతులో అంత అరుపు ఉందని నాకు తెలియదు. ఆ ఇద్దరూ ఆపేశారు. అందరూ ఆగిపోయారు. ఆమె చెయ్యి గాలిలో ఆగిపోయింది. నేను వెళ్లి గన్ తీసుకుని, బ్యారెల్‌కి తొడుగు వేసి, ఆమె చెయ్యి పట్టుకుని బయటికి తీసుకొచ్చాను. ఆ చెయ్యి చల్లగా ఉంది.

తర్వాత వేరే గన్ తీసుకున్నాను. పదమూడో సంచి ట్యూబు. పదకొండు మెట్లు చెప్పాను. తొమ్మిది సెకన్లు. పదిహేను గుండ్లు, పదిహేనూ డ్రమ్ముకి తగిలాయి. ఎవరూ నవ్వలేదు. చివర్లో చప్పట్లు కొట్టారు.

తపన్ దా భుజం తట్టాడు. "ఎబి దా, ఎక్స్‌పీరియెన్స్ ఎక్స్‌పీరియెన్సే. నీ పేరే" అన్నాడు.

ఎర్రమూత ట్యూబులు ఎవరు నింపారని అడగలేదు. నేను చెప్పలేదు.

గుండ్లు ఖర్చు మూడు వేల నాలుగు వందలు. పగిలినవి, లెక్కపెట్టలేదు.


నవంబరు 9, ఆదివారం. ఎండ.

చర్చిలో దోర్కా పాటలు పాడలేదు. పుస్తకం తెరిచి పట్టుకుంది. చెవి వెనక ఇంకా నారింజ రంగు ఉంది.

ఇంటికొచ్చాక నేనే అడిగాను, "ఏటలా ఉన్నావు?" అని.

"తప్పు నాదే. సూసుకోవాలి."

"ఏటి సూసుకోవాలి?"

"గుండ్లు. పాడైపోయినట్టున్నాయి. నువ్వు నింపినావు గదా అని నేను సూడనేదు. నువ్వు నింపినదాన్ని నేనెప్పుడు సూసినాను?"

ఆగి మళ్లీ అంది. "నువ్వు అరవకపోతే కన్ను పోయుండును."

నేను కాయగూరలు తేవాలని బయటికి వచ్చేశాను. ఝపటాపూర్ కొట్లన్నీ తిరిగాను. కాయగూరలు తేలేదు.


నవంబరు 11, మంగళవారం. ఎండ. సెలవు. బోర్డు నిలబెట్టడానికి గుంట తవ్వాను.

బోర్డు వచ్చింది. బెంగాలీలో, ఇంగ్లీషులో. ఇన్‌స్ట్రక్టర్: ఎబినేజర్. అక్షరాలు బాగున్నాయి.

దోర్కా దాని పక్కన నన్ను నిలబెట్టి ఫోటో తీసింది. మెదినీపూర్‌లో నర్సింగ్ చదువుతున్న మా అమ్మాయి షైనికి పంపింది. ఇంటికొస్తూ టీ కొట్టు దగ్గర సైకిలు ఆపమంది. ఎక్కడా ఆగే మనిషి కాదు.

"నూకయ్య మావా, ఇదిగో సూడు. ఎవరి పేరు?"

మావ ఫోను దూరంగా పట్టుకుని చూశాడు. "ఏటేటి, మనోడే! తుపాకీ మేస్టారు! ఒరే అల్లుడూ, ఇక మా ఈదిలో దొంగలు పడరు."

"కప్పులు కడగటం లేదు, రాసుకో" అంది దోర్కా.

నేను మావకు చెప్పిన మాట ఆమెకు ఎలా చేరిందో.


నవంబరు 12, బుధవారం. ఎండ.

చిన్న బ్యాచ్, ఎనిమిది మంది. బోర్డు పడ్డాక మొదటిది. ముందు నిలబడ్డాను. రెండో మెట్టు దగ్గర ఒకమ్మాయి ఆవలించింది. ఐదో మెట్టు మరిచిపోయాను. వెనక నుంచి దోర్కా మెల్లగా "బొటనవేలు" అని అందించింది.

సాయంత్రం అరుగు మీద కూర్చోబెట్టి నాతో చెప్పించింది. తను కొత్తగా నేర్చుకునేదానిలా చీపురు గన్ లాగా పట్టుకుని నిలబడింది.

"సెప్పండి మేస్టారూ."

"ముందు చాటుకి రావాలి."

"ఎందుకండీ మేస్టారూ?"

"దెబ్బ తగులుద్ది."

"ఇప్పుడెలాగ సెప్పినావో అలాగే సెప్పు. అట్ట సూసి సదవకు. జనం నీ మొకం సూస్తారు, అట్ట సూడరు."

"నాకు నీలాగ రాదు."

"నాలాగ ఎవరు రమ్మన్నారు? నీలాగ సెప్పు. నీకున్నంత నాకు తెలుసా ఏటి?"

చీపురు కింద పెట్టి మళ్లీ మొదటి నుంచి చెప్పించింది. మూడుసార్లు. ఆమెకు విసుగు రాలేదు. నాకు వచ్చింది. ఆమె మీద కాదు.

ఎందుకు ఆమెకు నా మీద కుళ్లు లేదో తెలియడం లేదు. ఉంటే నాకు కొంచెం తేలిగ్గా ఉండేది.


నవంబరు 13, గురువారం. ఎండ. సాయంత్రం చలి. సైకిల్ గొలుసుకి నూనె పెట్టాను.

నూనె పెడుతుంటేనే లోపల నుంచి కేక. "షైని డాడీ! బేగి రా, బేగి!"

దోర్కా గుమ్మం మీద కూర్చుని ఉంది. చేతిలో బ్యారెల్. ఒళ్లో గుప్పెడు గుండ్లు. 8వ తారీకున డెమో లేనులో పడినవి ఏరి దాచుకుందట. అవి ఎందుకు పగిలాయో తెలీక మనసు పీకుతోందట. తపన్ దాను అడిగి ఇవాళ ఒక బ్యారెల్ తెచ్చుకుంది.

"ఇది కొత్త గుండు. సూడు." వేసి, నోరు పెట్టి ఊదింది. ఒళ్లో పడింది. "ఇది ఆవేల్టిది." వేసి ఊదింది. బుగ్గలు ఉబ్బాయి, కళ్లలో నీళ్లు తిరిగాయి. గుండు కదల్లేదు. "సూసినావా? ఉబ్బిపోయింది! బయటికి తెలీదు. ఊదితేనే తెలస్తది."

పదమూడేళ్ల పిల్లలా ఉంది ఆమె మొహం.

"ఇది తపన్ దాకి కూడా తెలీదు. శనోరం నీ బ్యాచ్‌కి సెప్పు. నింపే ముందు ఊది సూడమని. నువ్వే కనిపెట్టినావని సెప్పు. అట్ట మీద పన్నెండో మెట్టు రాయి."

నేను లోపలికి వెళ్లి ఈ పుస్తకం తెరిచాను. తారీకు రాశాను. ఎండ అని రాశాను. గొలుసుకి నూనె అని రాశాను. తర్వాత మళ్లీ గుమ్మం దగ్గరికి వెళ్లాను.

"అది నాకు తెలుసు."

"ఏది?"

"ఊదడం."

"ఎప్పటి నుంచి?"

"రెండేళ్ల నుంచి."

బ్యారెల్ కింద పెట్టింది. 

"ఆవేళ ఊదినావా?"

"ముందు రోజు ఊదినాను."

"ఎల్లిందా?"

"లేదు."

ఆమె లేచింది. ఒళ్లో గుండ్లు నేల మీద పడి నాలుగు వైపులా దొర్లాయి. ఒక్కటీ పగల్లేదు. లోపలికి వెళ్లి బియ్యం కడిగింది. అన్నం పెట్టింది. తిన్నాను. తను తిన్నదో లేదో చూడలేకపోయాను.


నవంబరు 15, శనివారం. పొగమంచు, పట్టాల అవతల ఏమీ కనపడడం లేదు. గ్రౌండులో బెంచీలు తుడిచాను.

నిన్న రాయలేదు. నిన్న దోర్కా గ్రౌండుకి రాలేదు.

ఇవాళ ఏడుకి ముందే ముప్పై ట్యూబులు నింపి పెట్టాను. పదహారో సంచి. ఊది చూశాను, ఇరవై గుండ్లు. అన్నీ వెళ్లాయి.

ఏడున్నరకి దోర్కా టోటో రిక్షాలో వచ్చింది. రోజూ నేను షెడ్డు పని చూసుకుని, ఇంటికెళ్లి సైకిల్ మీద తెచ్చేవాణ్ణి. షెడ్డులోకి వచ్చి ఎదురు బెంచీ మీద కూర్చుంది. ఇద్దరు పట్టారు. మొదటి ట్యూబు మూత తీసి, గుండ్లన్నీ పళ్లెంలో పోసింది. మూడు తీసి ఒక్కొక్కటీ బ్యారెల్‌లో వేసి ఊదింది. జారాయి. అన్నీ మళ్లీ ట్యూబులో పోసి మూత వేసింది. రెండో ట్యూబు తీసింది.

"అన్నీ సూసినాను" అన్నాను.

"ఊఁ" అంది. మూడోది తీసింది.

తపన్ దా తొంగి చూశాడు. "బౌదీ, అవి ఎబి దా నింపినవే కదా. మళ్లీ ఎందుకు?"

"సూసుకుంటున్నాను దాదా" అంది. ఎర్రమూతల మాట అనొచ్చు. తపన్ దా అక్కడే నిలబడి ఉన్నాడు, ఆమె నోరు తెరిస్తే చాలు. అనలేదు. అతను వెళ్లిపోయాడు.

పన్నెండోది. పదమూడోది. ఒక్కటి కూడా ఆగడం లేదు. ఒక్కటి ఆగినా ఆమె తలెత్తి నా వైపు చూసేది. నేను ఎదురుగా కూర్చుని ఇది రాస్తున్నాను. ఏం రాస్తున్నావని అడగడం లేదు.

ఇరవై ఒకటి.

బస్సు హారన్ వినిపించింది. గేటు దగ్గర తపన్ దా నన్ను పిలుస్తున్నాడు. వాళ్ల ముందు నిలబడే ముందు అతనికి చెప్పాలి, ఎర్రమూత ట్యూబులు ఎవరు నింపారో. దోర్కా కూడా ఉండగా చెప్పాలి. బోర్డు సంగతి తర్వాత అతని ఇష్టం. ఆమెను రమ్మన్నాను. "ఇంకా తొమ్మిదున్నాయి" అంది, తల ఎత్తకుండా. అవి అయ్యేదాకా ఆగుతానన్నాను. ఊదడం ఆపి నా వైపు చూసింది. ఈలోగా ఇవాళ్టి లెక్క పూర్తి చేస్తాను. మాస్కులు ముప్పై. ట్యూబులు ముప్పై. సిలిండర్లు నింపినవి... దోర్కా ముప్పయ్యో మూత వేసి లేచింది, వెళ్తున్నాం.